బీరువాలో ఒక కాపీ పెట్టు తల్లీ

ఒంగోలు.

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు చెప్పింది, కావలిలో ఇంటి దగ్గరే కంప్యూటర్ పెట్టుకుని నలుగురు రైతులకి రొయ్యల గుంటల లెక్కలు రాసిపెడుతున్నావని. చాలా సంతోషపడ్డాను. మేత బాకీలు, పట్టుబడి టన్నులు, కౌంట్ రేట్లు అన్నీ అందులోనే ఉన్నాయంట. చిన్నోడు బడి నుంచి రాగానే అదే కంప్యూటర్‌లో గేములు దించుకుని ఆడతాడని కూడా అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం కంప్యూటర్ పక్కనే ఉంచుకో.

మీ పెదనాన్నా నేనూ ఇక్కడ ఇరవై ఏళ్ళు డీటీపీ షాపు నడిపాం కదా. 2019 వేసవి, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజులు. షాపులో పనిచేసే కుర్రాడు ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి, క్రాక్ చేసినది, అంటే డబ్బు కట్టకుండా వాడేలా తాళం విరగ్గొట్టినది, ఎక్కడినుంచో దించి వేశాడు. వాడి తప్పని నేనెప్పుడూ అనలేదు, అసలుది కొనకుండా కూర్చుంది మేమే. మర్నాడు పొద్దున షట్టర్ తీసి కంప్యూటర్ ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా ఏవో కొత్త అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చీటీ. తాళం తియ్యాలంటే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు మాట్లాడితే సగం, 490 చాలు అని రాసుంది. ఆనాటి లెక్కన ఆ సగమే దాదాపు 34 వేల రూపాయలు. ఆ వారం అచ్చుకి పోవాల్సిన పెళ్ళికార్డులు పదకొండు అందులో ఉన్నాయి. ఆల్బమ్ కోసమని ఒకామె ఇచ్చిన ఫొటోలు కూడా ఉన్నాయి, వాళ్ళ పాప అన్నప్రాశనవి. అవి ఇంకెక్కడా లేవు. ఆమె మా షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

బ్యాకప్ లేదా పెద్దమ్మా అంటావేమో. ఉంది. బయటి హార్డ్‌డిస్క్ కొని రోజూ కాపీ చేసేవాళ్ళం. కానీ దాన్ని ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉంచేవాళ్ళం. వైరస్ కంప్యూటర్‌తో పాటు దాన్నీ లాక్ చేసేసింది. పెదనాన్న ఎప్పుడో డీవీడీల్లో రాసి ట్రంకుపెట్టెలో దాచినవి మాత్రమే మిగిలాయి.

అందుకే అన్నిటికంటే ముందు నీకు బీరువా సంగతి చెబుతున్నాను. శనివారం సాయంత్రం పని అయ్యాక బయటి హార్డ్‌డిస్క్ తగిలించు. లెక్కల ఫోల్డరూ, ఇంట్లో ఫొటోల ఫోల్డరూ అందులోకి కాపీ చెయ్యి. అవగానే ఊడదీసి బీరువాలో పెట్టు. పావుగంట పని. పాత కాపీ మీదే మళ్ళీ రాయొద్దు, ఆ రోజు తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ పెట్టు. లేకపోతే ఏదైనా ఫైలు పాడైందని నీకు తెలిసేలోపే మంచిదాని మీద పాడైనదాన్ని రాసేస్తావు. నాలుగైదు వారాలవి ఉంటే చాలు, అంతకు ముందువి తీసెయ్యొచ్చు. నెలకోసారి అందులోంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూడు, నిజంగా తెరుచుకుంటుందో లేదో. లెక్కల ఫైళ్ళు చిన్నవే కాబట్టి ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లో కూడా వెయ్యి. తుఫాను నీళ్ళు ఇంట్లోకి వస్తే బీరువా కూడా తడుస్తుంది. సముద్రం పక్కన ఉన్నదానివి, నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక రెండోది, ఊరికే వచ్చే క్రాక్ సాఫ్ట్‌వేర్లు. ఇంటి కంప్యూటర్లలోకి ఇట్టాంటి వైరస్‌లు ఎక్కువగా వచ్చే దారుల్లో ఇదొకటి. గేముకి చీట్ కోడ్ అనో, విండోస్‌ని యాక్టివేట్ చేసే సాధనం అనో, ఎక్సెల్‌కి కీ అనో వస్తాయి. వాటిలో చాలావాటికి ఒక గుర్తు ఉంటుంది, "ముందు మీ యాంటీవైరస్ ఆపండి" అని అడుగుతాయి. కాపలా మనిషిని బయటికి పంపితేగానీ లోపలికి రానన్నవాడు మంచిపనికి రాడు కదా. ఆ మాట ఎక్కడ కనబడినా అక్కడే మూసెయ్యి. ఎక్సెల్ కొనే వీలు లేకపోతే లిబ్రే ఆఫీస్ ఉంది, అసలే ఉచితం, దొంగతనం అవసరం లేదు. ఎక్సెల్ ఫైళ్ళు కూడా అందులో తెరుచుకుంటాయి. ఫొటోలకి గింప్ ఉంది, వీడియోలకి వీఎల్‌సీ ఉంది. తెలుగు టైపు చెయ్యడానికి విండోస్‌లోనే కీబోర్డు ఉంది. ఏది కావాలన్నా దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకో. వెతికినప్పుడు మొట్టమొదట కనబడేది చాలాసార్లు ప్రకటన, అది నొక్కొద్దు.

చిన్నోడిని గేములు ఆడొద్దని అనకు, పాపం. వాడికి వేరే అకౌంట్ పెట్టు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి పోయి వాడి పేరు మీద ఒకటి చేసి, అది అడ్మినిస్ట్రేటర్ కాకుండా స్టాండర్డ్ యూజర్‌గా ఉంచు. అప్పుడు కొత్తదేదైనా వెయ్యబోతే నీ పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్ని పాస్‌వర్డ్ లేకుండానే వాడి అకౌంట్‌లో కూర్చుంటాయి, అయినా నీ అకౌంట్‌లోని లెక్కల దాకా రావడం వాటికి కష్టం. ఇంకో మాట, నువ్వు రోజూ పని చేసుకునేది కూడా స్టాండర్డ్ అకౌంట్‌లోనే చెయ్యి. అడ్మినిస్ట్రేటర్‌ది విడిగా ఉంచి, ఏదైనా వెయ్యాల్సొచ్చినప్పుడే దాని పాస్‌వర్డ్ కొట్టు. షాపులో మేము ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు. చేసుంటే ఆ కుర్రాడు ఒకసారి నన్ను అడిగేవాడు.

అల్లుడుగారు ఆ కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారంట కదా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో అబౌట్ చూడు. విండోస్ 10 అని ఉంటే ఆలోచించాలి. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్, అంటే కన్నాలు మూసే అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కుతుందేమో చూపించుకో. అప్‌డేట్ అంటే విసుక్కుంటారు అందరూ, నేనూ పని మధ్యలో వచ్చిందని ఎన్నోసార్లు వాయిదా వేశాను. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ 150 దేశాల దాకా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది దూరిన కన్నాన్ని మూసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్ళే ఎక్కువ నష్టపోయారు. రాత్రి కంప్యూటర్ ఆపేటప్పుడు "అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" అని కనబడితే అదే నొక్కు.

యాంటీవైరస్ ఏది కొనాలని అడిగావంట. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ ఇంటికి సరిపోతుందని నా అభిప్రాయం. ఆన్‌లో ఉందో లేదో విండోస్ సెక్యూరిటీలో చూసుకో. డబ్బు పెట్టి ఇంకొకటి కొన్నా తప్పులేదు, కానీ రెండు మూడు వెయ్యొద్దు, ఒకదానికొకటి అడ్డం పడి కంప్యూటర్ నత్తలాగా నడుస్తుంది.

రైతులు పెన్‌డ్రైవులు తెచ్చిస్తారు నీకు. షాపులో నాకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి వాటితోనే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనబడేవి, వాటి మీద రెండుసార్లు నొక్కితే మన దాంట్లోకీ ఎక్కేది. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరవకుండా, దాని మీద కుడివైపు క్లిక్ చేసి స్కాన్ చెయ్యి. వీలైతే బిల్లులు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపమని చెప్పు. ఇంకొకటి, విండోస్ ఫైలు పేరు చివరి ముక్కని దాచి చూపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కు. అప్పుడు బిల్లు అనుకున్నదానికి పీడీఎఫ్ తర్వాత ఈఎక్స్ఈ అని ఉంటే, అది బిల్లు కాదు, నొక్కితే నడిచే ప్రోగ్రామ్ అని తెలిసిపోతుంది. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ ఈ ఎత్తుతోనే లోకమంతా తిరిగింది. టెక్స్ట్ ఫైలు అనుకుని జనం ప్రేమలేఖ తెరిచారు.

ఫైళ్ళు లాక్ చేసేది వెంటనే బయటపడుతుంది. స్పైవేర్ అట్టా కాదు, చప్పుడు చెయ్యదు. నువ్వు కొట్టే అక్షరాలు చూస్తుంది, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు మూటగట్టి ఎవరికో పంపుతుంది. అందుకని బ్యాంకు పాస్‌వర్డ్ ఎప్పుడూ బ్రౌజర్‌లో సేవ్ చెయ్యొద్దు. ఈమెయిల్‌కి ఫోన్‌కి కోడ్ వచ్చే రెండో తాళం పెట్టు. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, ఏమున్నాయో నెలకోసారి చూసి, నీకు తెలియనివి తీసెయ్యి.

ఎప్పుడైనా తెర నిండా ఎర్రగా వచ్చి, కీచుమని మోగి, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అంటే అది మోసం. మైక్రోసాఫ్ట్ అట్టాంటి హెచ్చరికల్లో ఫోన్ నంబర్ పెట్టదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపెయ్యి. అది కూడా కాకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకో. ఫోన్లో ఎవరైనా ఎనీడెస్క్ లాంటిది, అంటే మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించేది, వేసుకోమంటే మాట్లాడకుండా పెట్టెయ్యి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంత చేసినా ఒకరోజు ఫైళ్ళు లాక్ అయ్యాయే అనుకో. ముందు నెట్ వైరు పీకు, వైఫై ఆపు. బీరువాలో హార్డ్‌డిస్క్ మాత్రం అప్పుడు తెచ్చి తగిలించొద్దు. తెర మీద చీటీని ఫోన్‌తో ఫొటో తీసుకో. పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చు. డబ్బు కట్టొద్దు, కట్టినా ఇస్తారని లేదు. లాక్ అయిన ఫైళ్ళని పారెయ్యకుండా విడిగా దాచు. మేము ఆ రోజు కంగారులో మొత్తం ఫార్మాట్ కొట్టించేశాం. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ రకం తాళాల్లో చాలావాటిని ఉచితంగా తీసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాచి ఉంటే ఆ పాప ఫొటోలు దొరికేవేమో అని ఇప్పటికీ బాధపడతాను. అట్టాంటి తాళంచెవులన్నీ ఒకచోట పెట్టడానికి ఐరోపా దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి 2016లో నో మోర్ రాన్సమ్ అనే సైట్ మొదలుపెట్టారు, ముందు అక్కడ వెతుకు. మన ప్రభుత్వానిది సైబర్ స్వచ్ఛతా కేంద్ర ఉంది, కంప్యూటర్‌ని శుభ్రం చేసే సాధనాలు అక్కడ ఊరికే ఇస్తారు.

వచ్చే ఆదివారం పెదనాన్న కావలి వస్తున్నారు. షాపు మూసేటప్పుడు మిగిలిన హార్డ్‌డిస్క్ ఒకటి సీలు తియ్యకుండానే ఉంది, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన అక్కడ ఉండగానే మొదటి కాపీ తీసి, బీరువాలో పెట్టి, సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

నీ
పెద్దమ్మ