“పరిమితుల్లోనే ఉంది” అంటే ఏ చిమ్నీలో, ఏ రాత్రి?

ప్రశ్న: మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. 2017లో పాత కిల్న్ (సిమెంటు ముడిసరుకు కాల్చే కొలిమి) తీసేసి కొత్తది పెట్టారు. ఇది ఆధునికమైనది, దుమ్మే రాదన్నారు. పగలు నిజంగానే పెద్దగా ఏమీ కనపడదు. రాత్రి రెండు దాటాక ఏదో చప్పుడవుతుంది. తెల్లారేసరికి డాబా మీద, ఆరేసిన బట్టల మీద, కంది చేలో ఆకుల మీద పొడి పరుచుకుని ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెడితే మూడు నెలలకు “ఉద్గారాలు నిర్ణీత పరిమితుల్లోనే ఉన్నాయి” అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఈమధ్య లారీల్లో ప్లాస్టిక్ చెత్త తెచ్చి కిల్న్‌లో కాలుస్తున్నారు. దానికి వేరే అనుమతి అక్కర్లేదా? కేసు ఎవరి మీద, ఎక్కడ వేయాలి? – ఒక రైతు

జవాబు: కేసు సంగతి చివర్లో చూద్దాం. మీకు వచ్చిన ఆ ఒక్క వాక్యం అబద్ధం కాకపోవచ్చు. కానీ అది మీరు అడిగినదానికి జవాబు కాదు. మీరు అడిగింది రాత్రి రెండు గంటల సంగతి. వాళ్ళు చెప్పింది బహుశా ఏదో ఒక పగటి పూట ఒక చిమ్నీలో తీసిన కొలత సంగతి.

సిమెంటు ఫ్యాక్టరీ నడవాలంటే ముఖ్యంగా రెండు కాగితాలు ఉండాలి. ఒకటి, 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ఇచ్చే పర్యావరణ అనుమతి. ఏడాదికి పది లక్షల టన్నులు, ఆపైన సామర్థ్యం ఉంటే అది ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నుంచి రావాలి. రెండోది, 1981 వాయు చట్టం 21వ సెక్షన్ కింద రాష్ట్ర మండలి ఇచ్చే కన్సెంట్. మన దగ్గర దాన్ని సీఎఫ్ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్, అంటే ఫ్యాక్టరీ నడపడానికి సమ్మతి) అంటారు. మీ బలమంతా ఈ రెండు కాగితాల్లోని షరతుల్లోనే ఉంది. “దుమ్ము వస్తోంది” అంటే అది ఫిర్యాదు. “సీఎఫ్ఓలో ఫలానా షరతు ఫలానా రాత్రి తప్పారు” అంటే అది కేసు.

కిల్న్ మార్చినప్పుడు సామర్థ్యం కూడా పెంచి ఉంటే, ఆ పెంపుకి పర్యావరణ అనుమతి ఉందో లేదో ముందు చూడండి. ఉంటే దాని ప్రతి మీ పంచాయతీకి కూడా ఇచ్చి ఉండాలి. చాలా ఊళ్ళలో అది సర్పంచి గారి బీరువాలో, పాత పెన్షన్ల జాబితాల కింద పడి ఉంటుంది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉంటే దాని మినిట్స్ కూడా తీయించండి. మైకు ముందు ఇచ్చిన హామీలు అందులో రాసి ఉంటాయి. షరతులు ఎలా పాటిస్తున్నారో ఫ్యాక్టరీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది ఎవరైనా చూడదగ్గ కాగితం.

ఇక అంకెలు. సిమెంటు ఫ్యాక్టరీల ప్రమాణాలను కేంద్రం 2014 ఆగస్టు 25న సవరించింది. ఆ తేదీ తర్వాత మొదలైన కిల్న్ కాబట్టి మీ ఫ్యాక్టరీ ప్రధాన చిమ్నీలో దుమ్ము ఘనపు మీటరు వాయువుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు, నైట్రోజన్ ఆక్సైడ్లు 600 దాటకూడదు. పాత కిల్న్‌లకు రకాన్ని బట్టి 800, 1000 దాకా వెసులుబాటు ఉంది. “పాత లైసెన్సు మీదే నడుస్తోంది” అని ఎవరైనా అంటే కొత్త కిల్న్ ఎప్పుడు మొదలైందో కాగితం అడగండి. సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి సున్నపురాయిలోని పైరైట్ గంధకాన్ని బట్టి 100, 700, 1000గా మారుతుంది. 1000 తమకు వర్తిస్తుందని ఫ్యాక్టరీ అంటే రాయి పరీక్ష రిపోర్టు చూపించాల్సింది వాళ్ళే.

ఇక్కడ చాలామంది వకీళ్ళు కూడా జారిపోయే మెట్టు ఒకటుంది. ఈ పరిమితులు 10 శాతం ఆక్సిజన్ దగ్గరికి సరిచేసి చూడాల్సినవి. చిమ్నీలోకి బయటి గాలి ఎక్కువ చొరబడితే దుమ్ము పలచబడి అంకె తగ్గుతుంది. మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. అందుకే కొలిచిన అంకెను 11తో గుణించి, 21లోంచి అప్పుడున్న ఆక్సిజన్ శాతం తీసేయగా మిగిలినదానితో భాగించాలి. రిపోర్టులో దుమ్ము 22 అని, ఆక్సిజన్ 14 అని ఉందనుకోండి. 22ను 11తో గుణించి 7తో భాగిస్తే 34కి పైనే వస్తుంది. కంటికి పరిమితిలో ఉన్నట్టు కనిపించిన అంకె లెక్క కడితే పరిమితి దాటిపోయింది. మండలి మీకు పంపే రిపోర్టులో ఆక్సిజన్ గడి ఖాళీగా ఉంటే, మొదట ఉత్తరం రాయాల్సింది దాని గురించే. సరిచేసిన అంకే ఇచ్చామంటే అలాగని రాతపూర్వకంగా తీసుకోండి.

రాత్రి రెండు గంటల చప్పుడుకి కూడా ఒక వివరణ ఉండొచ్చు. కొన్ని కిల్న్‌లలో దుమ్ము పట్టడానికి ఈఎస్పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) అనే యంత్రం ఉంటుంది. అది అధిక వోల్టేజీ మీద పనిచేస్తుంది. వాయువులో కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే, నిప్పురవ్వకి పేలుడు జరగకుండా దాని కరెంటు తనంతట తానే తెగిపోతుంది. ఆ కాసేపు దుమ్ము వడపోత లేకుండా నేరుగా పైకి పోతుంది. దీన్ని ట్రిప్పింగ్ అంటారు. “కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిళ్ళు కావాలనే ఆపేస్తున్నారు” అని ఊళ్ళో అనుకునేది అన్నిసార్లూ నిజం కాదు. అలాగని అన్నిసార్లూ తప్పూ కాదు. బ్యాగ్ హౌస్ (గుడ్డ సంచులతో దుమ్ము వడకట్టే ఏర్పాటు) ఉన్నచోట ఈ ట్రిప్పింగ్ బెడద లేదు గానీ, సంచులు చిరిగితే అదే కథ. కారణం ఏదైనా, అనుకోని సంఘటన వల్ల పరిమితికి మించి ఉద్గారాలు వెలువడితే, వెలువడే ప్రమాదం ఉన్నా, వెంటనే మండలికి తెలియజేయడం వాయు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ బాధ్యత. కాబట్టి ఫలానా తేదీల్లో అలాంటి సమాచారం ఇచ్చారా అని అడగండి. ఇవ్వకపోతే అదొక ఉల్లంఘన. ఇచ్చి ఉంటే, మీకు “పరిమితుల్లోనే ఉంది” అని రాసిన అధికారి ఇరుకున పడతాడు.

పొడిని కూడా ఓసారి దగ్గరగా చూడండి. లేత రంగులో పిండిలా మెత్తగా ఉంటే అది ఎక్కువగా కిల్న్, ప్రీహీటర్ (కిల్న్‌లోకి వెళ్ళేముందు పొడిని వేడిచేసే టవరు) వైపు నుంచి వచ్చే ముడిపొడి. ముదురు బూడిద రంగులో, వేళ్ళ మధ్య నలిపితే గరుకుగా తగిలితే క్లింకర్, అంటే కిల్న్‌లో కాలి బయటికొచ్చే ఉండల పొడి. అది ఆ ఉండల్ని చల్లార్చే కూలర్ చిమ్నీ నుంచో, ఆరుబయట పోసిన కుప్పల నుంచో వస్తుంది. నల్లగా ఉంటే బొగ్గు యార్డు. రెండోది, మూడోది అయితే ప్రధాన చిమ్నీ అంకెలు ఎంత బాగున్నా మీకు ఒరిగేదేమీ లేదు. అప్పుడు సీఎఫ్ఓలో కూలర్, యార్డు, కన్వేయర్లు, రోడ్ల మీద నీళ్ళు చల్లడం గురించి ఉన్న షరతులు చూడాలి.

ఈ పొడి సీసాలో పట్టుకుని కోర్టుకి వస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఒక పెద్దాయన నా దగ్గరికి హార్లిక్స్ సీసా నిండా దుమ్ము తెచ్చారు. మూత మీద తన సంతకం, అల్లుడి సంతకం, తేదీ. అంత శ్రద్ధగా తెచ్చిన సీసాని అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టించాడు: “ఇది మా చిమ్నీలోంచే వచ్చిందని ఎవరు చూశారు?” వాయు చట్టం 26వ సెక్షన్ ప్రకారం చిమ్నీ శాంపిల్ తీయాల్సింది మండలి అధికారం ఇచ్చినవాళ్ళు. యాజమాన్యానికి అప్పటికప్పుడు నోటీసు ఇచ్చి, సీలు వేసి, సంతకాలు తీసుకుని, లేబొరేటరీకి పంపాలి. ఆ పద్ధతి తప్పితే మండలి తీసిన శాంపిలే సాక్ష్యంగా చెల్లదు. ఇక మన సీసా ఎంత? అయినా పారేయకండి. మండలిని కదిలించడానికి పనికొస్తుంది.

మీకు అసలు ఆయుధం ఆన్‌లైన్ మీటరు. 2014 ఫిబ్రవరి 5న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలకు చిమ్నీల్లో నిరంతర మీటర్లు పెట్టించాలని ఆదేశించింది. సిమెంటు అందులో ఉంది. ఆ మీటరు అంకెలు మండలి సర్వరుకి వెళతాయి. సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయల ఫీజుతో మండలికి పెట్టండి. “నెలవారీ సగటు” అడిగారో, మీ రాత్రి రెండు గంటలు ఆ సగటులో కలిసి మాయమైపోతాయి. పొడి పడిన తేదీలు నాలుగు రాసి, ఆ రాత్రుల్లో పది నుంచి ఉదయం ఆరు వరకు 15 నిమిషాలకోసారి నమోదైన దుమ్ము, ఆక్సిజన్ అంకెలు, ఆ వేళల్లో మీటరు ఆగిందా, ఆగితే కారణం ఏం రాశారు, ఇవి అడగండి. అంకె సున్నా దగ్గర గంటల తరబడి కదలకుండా ఉన్నా, సరిగ్గా ఆ రాత్రే మీటరు “మరమ్మతు”లో ఉన్నా, అదీ పనికొచ్చే సమాచారమే. జవాబుకి గడువు 30 రోజులు. సీఎఫ్ఓ ప్రతి, గత తనిఖీ రిపోర్టులు, ఇచ్చిన నోటీసులు కూడా అదే దరఖాస్తులో అడగండి. ఫ్యాక్టరీ గేటు బయట ఉద్గారాల వివరాలతో బోర్డు ఉండాలని సుప్రీంకోర్టు 2003 అక్టోబరులోనే చెప్పింది. అది ఉందో లేదో ఒక ఫొటో తీసుకోండి.

ఆ ఆన్‌లైన్ అంకెలు వచ్చాక మళ్ళీ మండలికి వెళ్ళండి. ఈసారి “చర్య తీసుకోండి” అని కాదు, “26వ సెక్షన్ కింద రాత్రి వేళ శాంపిల్ తీయండి” అని. గ్రామసభ తీర్మానం జత చేస్తే మంచిది. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంటారు కాబట్టి ఒక్కరి పేరు మీద పెడితే ఆ ఒక్కరి మీదే ఒత్తిడి పడుతుంది. మండలికి 31-ఏ సెక్షన్ కింద ఫ్యాక్టరీని మూయించే, కరెంటు తీయించే అధికారం ఉంది. అదే సెక్షన్ కింద నష్టపరిహారం కూడా విధించవచ్చని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తేల్చింది. కాబట్టి “మా చేతిలో ఏముంది” అనే మాట ఇక చెల్లదు. 2023 జన్ విశ్వాస్ చట్టం చాలా ఉల్లంఘనలకు జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అదే అమలు. పెద్ద ఫ్యాక్టరీకి 15 లక్షలు ఎంత అని మీరు అడగొచ్చు. నా అభిప్రాయమూ అదే. అందుకే జరిమానా కన్నా షరతుల అమలు మీద, పరిహారం మీద దృష్టి పెట్టమంటాను.

ప్లాస్టిక్ చెత్త విషయంలో మీకు రుచించని మాట చెప్పాలి. కిల్న్‌లో చెత్త కాల్చడం దానంతట అది నేరం కాదు. కో-ప్రాసెసింగ్ అనే ఈ పద్ధతిని నిబంధనలే ప్రోత్సహిస్తున్నాయి. కిల్న్‌లో పదార్థం 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, మంట 2000 డిగ్రీల దగ్గర ఉంటుంది, లోపలి సున్నం ఆమ్ల వాయువుల్ని చాలావరకు పీల్చేస్తుంది. చెత్తకుప్పకి నిప్పు పెట్టడంతో దీన్ని పోల్చకూడదు. అయితే పాదరసం లాంటివి ఆ వేడికి ఆవిరై పైకే పోతాయి, కిల్న్ పూర్తిగా వేడెక్కకముందే చెత్త వేస్తే డయాక్సిన్లు అనే విష రసాయనాల ముప్పు ఉంటుంది. అందుకే చెత్త కాల్చే కిల్న్‌లకు 2016లో అదనపు పరిమితులు వచ్చాయి: డయాక్సిన్లు, ఫ్యూరాన్లు ఘనపు మీటరుకి 0.1 నానోగ్రాము, పాదరసం 0.05 మిల్లీగ్రాము, హైడ్రోజన్ క్లోరైడ్ 10 మిల్లీగ్రాములు. డయాక్సిన్లను ఆ ఆన్‌లైన్ మీటరు కొలవదు, ప్రత్యేకంగా లేబొరేటరీ పరీక్ష చేయించాలి. మీరు చూడాల్సిందల్లా, సీఎఫ్ఓలో ఈ చెత్త రకం, రోజుకి ఎన్ని టన్నులు అన్నది రాసి ఉందా, పరీక్ష రిపోర్టు ఉందా అని. లేకపోతే అనుమతి లేని ఇంధనం వాడుతున్నట్టే. ప్రమాదకర వ్యర్థాలైతే 2016 నిబంధనల కింద మండలి అనుమతి వేరేగా తీసుకోవాలి.

ఇప్పుడు కేసు. సివిల్ కోర్టుకి వెళ్ళకండి. ఈ తగాదాల్లో దానికి అధికారం లేదు. జాతీయ హరిత ట్రైబ్యునల్, చెన్నైలోని దక్షిణ బెంచి. ప్రతివాదులుగా ఫ్యాక్టరీ, రాష్ట్ర మండలి, పర్యావరణ అనుమతి ఇచ్చినవాళ్ళు. ఉల్లంఘన ఆపమనే దరఖాస్తుకి ఆ ట్రైబ్యునల్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం గడువు ఆరు నెలలు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. గడువు లెక్క మండలి జవాబు తేదీ నుంచి కాదు, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి. ఇక్కడే చాలా కేసులు తలుపు దగ్గరే ఆగిపోతాయి. 2017 నుంచీ బాధపడుతున్నాం అని మొదటి పేరాలోనే రాసుకుంటే అవతలివాళ్ళకి గడువు వాదన మీరే అందించినట్టు. ఇటీవలి తేదీలతో తేలిన ఉల్లంఘన మీద దరఖాస్తు కట్టండి. పంట నష్టం, పాడిపశువుల నష్టం, వైద్య ఖర్చులకు పరిహారం అదే చట్టం 15వ సెక్షన్ కింద అడగొచ్చు. దానికి ఐదేళ్ళ గడువు ఉంది. పరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలే. పరిహారం అడిగితే మొత్తంలో ఒక శాతం కట్టాలి.

యార్డు కుప్పలు, లారీల దుమ్ము మాత్రమే సమస్య అయితే అంతదూరం పోనక్కర్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 133, కింద ఆర్డీవో గారికి అర్జీ ఇవ్వండి. వాయు చట్టం ఉంది కాబట్టి ఈ అధికారం పోయిందనే వాదనను సుప్రీంకోర్టు 2003లోనే తోసిపుచ్చింది.

మీరు ఉత్తరంతో పాటు పంపిన ఫొటోలు చూశాను. కంది ఆకుల ఫొటో చాలా స్పష్టంగా ఉంది, కానీ ఒక్కదాని మీదా తేదీ లేదు. ఇంట్లో క్యాలెండరు ఉంటుందిగా, పొడి పడిన రోజు గడిలో ఆ టైము, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో రాయడం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. సమాచార హక్కు దరఖాస్తులో రాయాల్సిన నాలుగు తేదీలు అందులోంచే వస్తాయి.