గాజులు తీసి కమ్మీ పట్టుకో

గుంటూరు, బ్రాడీపేట

చి.ల.సౌ. చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెదనాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, నోటి దురుసు మాత్రం తగ్గలేదు. మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. జిమ్ముకి ఏడాది డబ్బు ఒకేసారి కట్టావట, పదకొండు రోజులు వెళ్లావట, పాపకి జ్వరం వచ్చి మానేస్తే ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వమన్నారట. పోనీలే. ఆ డబ్బు కోసం ఏడుస్తూ కూర్చుంటే ఒళ్లు తగ్గదు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ బెజవాడ భవానీపురం ఇంటికి దగ్గర్లోనే, కొండవార చెట్ల మధ్య నడకదారి, దారి పొడుగునా అక్కడక్కడా కమ్మీలు, ఒక దుంగ, సిమెంటు బెంచీలు, మెట్లు, ఎక్కి ఊగే మిషన్లు. "అంతా ఉచితమే పెద్దమ్మా, కానీ దీంతో ఒళ్లంతటికీ వ్యాయామం అవుతుందా?" అని అడిగావు. ఇరవై ఎనిమిదేళ్లు ఆడపిల్లల బడిలో ఈల పట్టుకు తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నా, నిక్షేపంగా అవుతుంది. కాకపోతే నువ్విప్పుడు చేస్తున్నట్టు చేస్తే అవదు.

ఇట్లాంటి దారి నేను మొదటిసారి చూసింది మీ అన్నయ్య దగ్గరికి జూరిక్ వెళ్లినప్పుడు. ఊరి చివర అడవిలో నీలం రంగు బోర్డులు, ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలు. ఒక్కో బోర్డు మీద ఏం చేయాలో బొమ్మ, పక్కనే కమ్మీయో రింగులో దుంగో. ఒక బోర్డు దగ్గర చేసి, తర్వాతి బోర్డు దాకా నడవాలి, లేదా పరిగెత్తాలి. టికెట్ లేదు, గేటు లేదు, కాపలా మనిషి లేడు. మొదటిది 1968లో ఆ జూరిక్‌లోనే పెట్టారట, ఇప్పుడు ఆ దేశమంతా కలిపి ఐదొందల దాకా ఉన్నాయట. డబ్బు పెట్టింది వీటా అనే జీవిత బీమా కంపెనీ. ఎంతైనా వ్యాపారులు, జనం ఎక్కువకాలం బతికితే లాభం ఎవరికి? మన బెజవాడ గాంధీకొండ మీద 52 అడుగుల స్తూపాన్ని అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించింది కూడా ఆ 1968లోనే. వాళ్లు అడవిలో కమ్మీలు పాతుకున్న ఏడే మనం కొండెక్కడానికి ఒక వంక సంపాదించుకున్నామన్నమాట.

సరే, అసలు సంగతికి వస్తా. ఆ మొదటిరోజు చీర కుచ్చిళ్లు పైకి దోపి, కాన్వాస్ బూట్లేసుకుని పదిహేను బోర్డులూ పూర్తిచేశాను. డ్రిల్లు టీచర్ని కదా, గర్వం. మర్నాడు పొద్దున్న కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. తల దువ్వుకుందామంటే మాత్రం చేతులు పైకి లేవలేదు. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లల చేత ఉరికించాను, ఎగిరించాను, బస్కీలు తీయించాను. నేను మాత్రం ఒక్కరోజు కూడా దేన్నీ లాగలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఆలోచించి చూడు. మీ అమ్మమ్మ రోజుకి ముప్పై నలభై చేదలు తోడేది. గిలక కిర్రుమంటుంటే చేంతాడు చేయి మార్చి చేయి లాగేది. ఎనభై ఏళ్లొచ్చినా ఆవిడ వీపు వంగలేదు. బావిలో మోటారు దిగాక మన ఇళ్లల్లో ఆడవాళ్లకి లాగే పని పోయింది. చపాతీ వత్తడం, స్కూటీ స్టాండు తీసి ముందుకు తోయడం, పాపని ఎత్తుకోవడం, ఫోన్ మీదికి వంగడం, అన్నీ ముందువైపు పనులే. వీపుకి పనేముంది? అందుకే పాపకి పాలిచ్చేటప్పుడు నీకు మెడ కింద ఆ సలుపు. నడకదారిలో నాలుగు చుట్లు తిరిగి, ఆ ఊగే మిషను ఎక్కి ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే ఆ సలుపు పోదు. ఆ మిషన్లని తిట్టడం లేదు, కీళ్లు వదులు కావడానికి పనికొస్తాయి. నడుము తిప్పే ఆ గుండ్రటి పళ్లెం ఎక్కితే పొట్ట కరుగుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో.

కాబట్టి ముందు కమ్మీ. ఒంట్లో ఓపిక తాజాగా ఉన్నప్పుడే లాగే పని అయిపోవాలి. పది నిమిషాలు చురుగ్గా నడువు, భుజాలూ తుంటీ గుండ్రంగా తిప్పు, నేరుగా కమ్మీ దగ్గరికి వెళ్లు. గాజులు తీసెయ్. ఉంగరం తప్పకుండా తీసెయ్. మా బళ్లో ఒక పిల్ల గేటు ఎక్కి దూకుతుంటే ఉంగరం ఇనప ఊచకి తగులుకుంది. వేలికి ఏమైందో రాయను, రాస్తే రాత్రికి నువ్వు అన్నం తినవు. గాజులు తీస్తే మీ అత్తగారేమన్నా అంటే నా పేరు చెప్పు. పుస్తెలు జాకెట్లోకి దోపి పిన్ను పెట్టు.

కమ్మీని అరచేతి మధ్యలో పట్టుకోకు, వేళ్ల మొదళ్లలో పట్టుకో. మధ్యలో పట్టుకుంటే ఒంటి బరువుకి చర్మం కిందికి జారి మడతపడుతుంది, ఆ మడత మీదే బొబ్బ లేస్తుంది. బొటనవేలు కమ్మీ చుట్టూ తిరిగి రావాలి. కాళ్లు నేల మీదే ఆనించి, సగం బరువు చేతుల మీద వేసి వేలాడు. భుజాలు చెవులదాకా లేచిపోతాయి, వాటిని కిందికి దించు, మెడ పొడుగవ్వాలి. పది అంకెలు లెక్కపెట్టి వదిలెయ్. ఐదుసార్లు. రెండు వారాలకి కాళ్లు వాటంతటవే లేస్తాయి.

ఇక లాగడం. నడుమెత్తు కమ్మీ ఉంటే కింద దూరి, రొమ్ముకి ఎదురుగా పట్టుకుని, మడమలు ముందుకి చాపి, ఒళ్లు చెక్కలా బిగించి రొమ్ముని కమ్మీకి తాకించు. ఎనిమిదిసార్లు. కమ్మీ ఖాళీ లేకపోతే నా ఉపాయం ఒకటుంది. పాత నూలుచీర నాలుగు మడతలు పెట్టి తొడంత లావు చెట్టు చుట్టూ వేసి, రెండు కొసలూ చేతులకి చుట్టుకుని వెనక్కి వాలి లాగు. కాళ్లు చెట్టుకి ఎంత దగ్గరైతే అంత కష్టం. పోయిన చలికాలం ఇక్కడ పార్కులో నేనిలా చేస్తుంటే ఒకాయన వచ్చి, ఏదైనా మొక్కుబడా అని అడిగాడు.

కమ్మీ నుంచి తర్వాతి చోటికి తీరిగ్గా వెళ్లకు. ఈ దారుల కిటుకంతా ఆ మధ్య నడకలోనే ఉంది. చేతులు అలిసినప్పుడు కాళ్లకి పని పెడతావు, కాళ్లు అలిసేసరికి చేతులు తేరుకుంటాయి, గుండె మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఆగదు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. నడుస్తూ ఫోన్ చూడకు. జూరిక్‌లో నేను అదే చేసి, తడి ఆకులు పరుచుకున్న దుంగ మీద కాలు జారి మూడు వారాలు మంచం మీద ఉన్నాను. ఆ మూడు వారాలూ మీ అన్నయ్య చేసిన సాంబారు తిన్నాను, అదింకో బాధ.

కాళ్లకి మెట్లు చాలు. మోకాలి కంటే కాస్త తక్కువ ఎత్తు మెట్టు చూసుకుని పాదం మొత్తం ఆనించి ఎక్కు, కింది కాలితో ఎగరేసుకోకుండా పై కాలి బలంతోనే లే. ఒక్కో కాలికి పది. దిగేటప్పుడు దభాలున దిగకు, అసలు లాభం నెమ్మదిగా దిగడంలోనే ఉంది. ఆ తర్వాత పది బస్కీలు. బెంచీ మీద కూర్చోబోయి, తగిలీ తగలకముందే లేచేస్తే అదే బస్కీ.

దండీలు నేల మీద ఇప్పుడే వద్దు. బెంచీ వీపు మీద చేతులు పెట్టి తియ్యి. పన్నెండు సులువుగా వచ్చేశాయంటే బెంచీ కూర్చునే పలక మీదికి దిగు, ఆ తర్వాత మెట్టు మీదికి. జిమ్ములో బరువు పెంచుతారు, ఇక్కడ ఎత్తు తగ్గించుకుంటాం, అంతే తేడా. మోచేతుల మీద బోర్లా నిలబడే ప్లాంకు ఇరవై సెకన్లు. దుంగ మీద నడక రెండుసార్లు, చూపు దుంగ కొస మీద ఉంచి. ఇదంతా కలిపి ఒక చుట్టు. మొదటి నెల రెండు చుట్లు, తర్వాత మూడు. వారానికి మూడురోజులు, రోజు మార్చి రోజు. మిగతా రోజుల్లో ఉత్త నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన కదలిక, రెండురోజులు కండరాలకి పని అంటుంది. నీకు రెండూ ఇందులోనే తీరతాయి.

ఒక మాట చెవిలో చెప్పినట్టు చదువు. నీది ఆపరేషన్ కాన్పు, పాపకి పద్నాలుగు నెలలు. ముందు మీ డాక్టరమ్మని అడిగి మొదలుపెట్టు. గెంతితే, తుమ్మితే ఒకటి రెండు చుక్కలు మూత్రం జారుతుంటే గెంతే పనులు పూర్తిగా మానెయ్, ఆ సంగతి కూడా ఆవిడకి చెప్పు. సిగ్గుపడి పాతికేళ్లు దాచుకున్న టీచర్లని నేను చూశాను, తేలిగ్గా నయమయ్యేదాన్ని ముసలితనం దాకా మోశారు. ప్లాంకులో పొట్ట మధ్య గట్టులా ఉబికితే మోకాళ్లు నేలకి ఆనించి చెయ్యి.

బెజవాడ ఎండ గురించి నీకు చెప్పేదేముంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా సరే. వేసవిలో తెల్లారగానే మొదలుపెట్టి ఆరున్నరకి ఇంట్లో ఉండు. ఎండెక్కాక కమ్మీ అట్లపెనమే. ఇంటికొచ్చి ఉప్పేసిన మజ్జిగ తాగు. చీకటి ఉండగా చెట్లలోకి పోకు. అవి రాళ్లూ ముళ్లపొదలూ ఉన్న కొండలు, ఎండుటాకుల్లో రక్తపింజరి ఉంటే ఆకుల్లో ఆకులా కలిసిపోయి కనపడదు. బెంచీ మీద కూర్చునే ముందు కింద చూడు, దారి దిగి పొదల్లో అడుగు పెట్టకు. చేతిలో అరటిపళ్ల సంచీ ఉందంటే కోతులు నీకంటే బాగా లాగుతాయి.

చున్నీ ఇంట్లో పెట్టు, వేలాడేటప్పుడు మెడకి ఉరి. లోపల గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కొనుక్కో, జిమ్ము డబ్బుతో పోలిస్తే అదెంత. ఒక్కదానివే వెళ్లకు, పక్కింటమ్మాయిని లాక్కుపో. రోజూ వచ్చే నడకవాళ్లు ఉండే వేళకే వెళ్లు. కొత్త కమ్మీ ఏదైనా ముందు రెండు చేతులా ఊపి చూడు. మొదట్లో మొగవాళ్లు చూస్తారు. నాలుగోరోజు నుంచి, మాకూ చూపించమ్మా అని అడుగుతారు, నాకు అదే జరిగింది.

వచ్చే రెండో శనివారం పొద్దున్నే మొదటి బస్సుకి వస్తున్నాను. పాపని మీ ఆయనకి అప్పజెప్పి, పాత నూలుచీర ఒకటి తీసిపెట్టు, పట్టుది కాదు. మీ అమ్మకి చెప్పు, పోయిన సంక్రాంతికి నేనిచ్చిన గోంగూర పచ్చడి జాడీ ఇంకా తిరిగి రాలేదు, ఆ రోజు మీ ఇంటికి పంపమని.

ఆశీస్సులతో,
పెద్దమ్మ