ఆ కత్తి పక్కన పెట్టండి

ప్రశ్న: మా ముర్రా గేదెను పక్క గేదె కొమ్ముతో పొడిచింది. నెల తర్వాత పొట్ట పక్కన కొబ్బరికాయంత వాపు వచ్చింది. నొక్కితే లోపలికి పోతోంది. గడ్డేనని, కోసేయమని అంటున్నారు. ఏం చేయమంటారు?
– పాడి రైతు, అత్తాపూర్

జవాబు: కొయ్యకండి బాబూ! నొక్కితే లోపలికి పోయేది చీముగడ్డ కాదు, హెర్నియా. తోలు బాగానే ఉంది, దాని కింద కండ చిరిగి పేగు జారింది. ఇలాంటిదాన్నే ఒకాయన బ్లేడుతో కోసి, ఆనక నా దగ్గరికి తెచ్చాడు. గాయంలోంచి పేడనీళ్లు కారుతున్నాయి.

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తోలుకెళ్లండి. ఆపరేషన్‌కు ముందు ఒక రోజు మేత ఆపుతారు. పొట్ట నిండుగా ఉంటే కుట్లు నిలవవు. చిరుగు చిన్నదైతే కుట్లు చాలు, పెద్దదైతే మెష్ అనే వలలాంటి అతుకు వేస్తారు. వాపు గట్టిపడి, గేదె పొట్టను తన్నుకుంటూ పేడ వేయకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. అన్నట్టు, సూడిదో కాదో మీరు రాయలేదు. డాక్టరుకు ముందు అదే చెప్పండి.