పాపసంకీర్తనం తర్వాత మొదలయ్యే కథ

చిరంజీవికి దీవెనలు.

కతోలిక కుర్రాడి మీద నువ్వు రాస్తున్న నవల మూడు అధ్యాయాలూ చదివాను. కుర్రాడు మరీ బుద్ధిమంతుడైపోయాడు. పదిహేనేళ్లవాడు రోజూ తప్పకుండా జపమాల చెప్పి, అమ్మ మాట జవదాటక, స్నేహితుడికి క్షమ గురించి అరపేజీ ఉపన్యాసమిస్తే, చదివే పిల్లలు అక్కడే పుస్తకం మూసేస్తారు. పునీతుల (సెయింట్ల) జీవితాలు ముందు పెట్టుకుని రాసినట్టున్నావు. పెట్టుకో, కానీ సరిగ్గా చదువు. 2025లో పునీతుడిగా ప్రకటించిన కార్లో అకుటిస్ పదిహేనేళ్లకే కన్నుమూశాడు. వీడియో గేములు వారానికి గంటకు మించి ఆడకూడదని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని చెబుతారు. హద్దు అవసరమైందంటే అటు లాగే మనసూ ఉందన్నమాట. నీకు కావలసిన ముడిసరుకు ఆ లాగుడే.

పాత్ర గురించి నోట్సు రాసేటప్పుడు ‘భక్తిపరుడు’, ‘మంచివాడు’ లాంటి మాటలు కొట్టెయ్. నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకో చాలు: వాడికి ఇప్పుడు ఏం కావాలి? ఎవరికి ఏం తెలియకూడదనుకుంటున్నాడు? దేవుడి మీద ఏ విషయంలో అలిగాడు? ఏ పని చేస్తే తన ముఖం తనే చూసుకోలేడు? మూడోదానికి జవాబు దొరక్కపోతే రాయడం మొదలుపెట్టకు. అలక లేని ప్రార్థన ఆ వయసువాడి నోట అప్పజెప్పిన పాఠంలా ఉంటుంది.

ఇక దొంగతనం సంగతి. క్లాసువాళ్లు పోగుచేసిన డబ్బులోంచి వాడు కొంత తీశాడు, నింద పక్క బెంచీ కుర్రాడి మీద పడింది. ఇంతవరకూ బాగుంది. తర్వాత పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), కన్నీళ్లు, ఫాదర్ దీవెన, అధ్యాయం సమాప్తం. అక్కడే కథ చచ్చిపోయింది! పాపవిమోచనం దొరికినంత మాత్రాన తీసిన డబ్బు తిరిగివ్వాల్సిన బాధ్యత తీరదు, పక్కవాడి పేరుకంటిన మచ్చ చెరపాల్సిన బాధ్యతా తీరదు. శ్రీసభ (కతోలిక చర్చి) బోధ అది. నీ కథకు ఇంజనూ అదే. ఆ సన్నివేశాన్ని పుస్తకం మధ్యకు జరుపు. క్షమ దొరికినవాడు క్లాసులో లేచి నిలబడి ‘తీసింది నేను’ అనగలడా లేదా అన్నది మిగతా సగం.

ఫాదర్ వాడి అమ్మకు ఫోన్ చేస్తాడని రాబోయే అధ్యాయాల చిత్తులో రాసుకున్నావు. అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పాపసంకీర్తనంలో విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, తల్లికైనా పోలీసుకైనా సరే. నేరుగా బయటపెడితే ఆ క్షణమే శ్రీసభ బహిష్కారం వర్తిస్తుంది. చెప్పకపోవడం ఒక్కటే కాదు, విన్నదాన్ని ఆ పిల్లవాడికి ఇబ్బంది కలిగేలా ఏ రకంగానూ వాడుకోకూడదు. ఇది అడ్డంకి అనుకోకు, నీకు వరం. నింద పడ్డ కుర్రాడి తల్లి వచ్చి ఏడుస్తుంటే నిజం తెలిసీ నోరు మెదపలేని మనిషిని చూపించు. మర్నాడు గుడి మెట్ల మీద మనవాడు ఎదురైతే ‘పరీక్షలెప్పుడురా?’ అని మాత్రమే అడగాలి. ఆ మామూలు ప్రశ్నలో వాడు దొంగతనం వెతుక్కుని చెమటలు కక్కాలి. ఆరు పంక్తులు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

దేవుణ్ణి నమ్మని స్నేహితురాలి పాత్ర బలహీనంగా ఉంది. ఆమె ప్రశ్నలు నువ్వే గెలవడానికి పెట్టినట్టున్నాయి. నీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఆమె చేత అడిగించు, జవాబివ్వకుండా వదిలెయ్. చివర్లో జ్ఞానస్నానం ఇప్పించాలన్న ఆలోచన మానుకో. పోయిన డబ్బు ఏదో అద్భుతంతో దొరకడం కూడా వద్దు. వరప్రసాదం (దేవుడి కృప) మనిషికి బలమిస్తుంది గానీ వాడి బదులు క్లాసులో లేచి నిలబడదు.

చిన్న తప్పులే నమ్మకం పోగొడతాయి. గుడ్ ఫ్రైడే నాడు దివ్యబలిపూజ (మాస్) ఉండదు. శ్రమల ఆరాధన జరుగుతుంది, సత్ప్రసాదం (కమ్యూనియన్ అప్పం) ముందురోజు ప్రతిష్ఠించినదే ఇస్తారు. తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ రోజుల్లో) ‘అల్లెలూయ’ పాడరు, నువ్వు రెండో అధ్యాయంలో గాయక బృందంతో పాడించావు. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం పదిహేనేళ్లవాడికి ఉపవాస నియమం లేదు, అది 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు. మాంసం మానడం మాత్రం 14 నిండిన వాళ్లందరికీ ఉంది. మామ్మ చిన్నతనం 1970ల్లో జరుగుతుంటే ఆమె చేత జపమాలలో వెలుగు దేవరహస్యాలు (క్రీస్తు జీవితంలోని ఐదు ఘట్టాల ధ్యానం) చెప్పించకు. అవి 2002లో వచ్చాయి. ఫాదర్ మేత్రాసన గురువైతే (బిషప్ కింద పనిచేసే ఫాదరైతే) పేదరికపు మాటపట్టు తీసుకోడు, మఠవాసులు తీసుకుంటారు. కాబట్టి ఆయనకు సొంత బండి ఉన్నా తప్పేం లేదు.

అధ్యాయం పదిహేను వందల నుంచి రెండు వేల మాటల్లో ఉంచు. ప్రార్థన రెండు మూడు పంక్తులు దాటకూడదు, అదీ సగంలో ఆగిపోతే ఇంకా మంచిది. దివ్యబలిపూజ మొత్తం వర్ణించకు. మోకాళ్ల నొప్పి, ముందు వరుసలో కూర్చున్న ఆ పక్క బెంచీ కుర్రాడి మెడ, సత్ప్రసాదానికి లేవాలా వద్దా అన్న తడబాటు, ఈ మూడూ చాలు.

పూర్తయ్యాక పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ముగ్గురికివ్వు. వాళ్లలో ఒకరైనా కతోలికులు కాకూడదు. ‘నచ్చిందా?’ అని అడిగితే మర్యాదకు అవునంటారు. ఎక్కడ ఆపి ఫోన్ చేతిలోకి తీసుకున్నారో పేజీ అంచున గీత పెట్టమను. మూడు గీతలూ ఒకే చోట పడితే అక్కడ ఎవరో ప్రసంగిస్తున్నారని లెక్క, ఆ పేజీ కొట్టెయ్.

ముందు గుడి మెట్ల సన్నివేశం రాసి పంపు.