లినక్స్ బూట్ లైన్లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్లలో) ఏవీఎక్స్ అనే ప్రాసెసర్ ఫీచర్ ఒక్కటే తీసేస్తే ఏవీఎక్స్2, ఎఫ్ఎంఏ కూడా ఎందుకు మాయమవుతాయి? (ఈ మూడూ ఒకేసారి ఎన్నో సంఖ్యలను లెక్కించే ఇన్‌స్ట్రక్షన్ల సమూహాలు.)

ఎక్స్86 లినక్స్ కెర్నల్లో ఏ ఫీచర్ దేనిమీద ఆధారపడిందో చెప్పే పట్టిక ఒకటుంది. అందులో ఏవీఎక్స్2, ఎఫ్ఎంఏ రెండూ ఏవీఎక్స్ మీద, ఏవీఎక్స్ ఎక్స్‌సేవ్ (ప్రాసెసర్ రిజిస్టర్ల స్థితిని దాచిపెట్టే ఫీచర్) మీద ఆధారపడతాయని రాసి ఉంటుంది. ఒక ఫీచర్ తీసేయగానే కెర్నల్ పట్టికంతా తిరిగి, దాన్ని నమ్ముకున్నవాటినీ తీసేస్తుంది. కొత్తగా ఏదీ పోనంతవరకు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. అందుకే ఎక్స్‌సేవ్‌ని తీసేసే 'నోఎక్స్‌సేవ్' ఆప్షన్ పెడితే ఏవీఎక్స్ కుటుంబమంతా ఊడుతుంది.

పాత కెర్నళ్ళలో ఫీచర్ని తీసేసే బూట్ ఆప్షన్ 'క్లియర్‌సీపీయూఐడీ'కి పేరు పనిచేయదు, నంబరే ఇవ్వాలి: పదం × 32 + బిట్ (కెర్నల్ ఫీచర్లను 32 బిట్ల పదాలుగా దాచుకుంటుంది). ఏవీఎక్స్‌ది 4వ పదం, 28వ బిట్, అంటే 156.

అసలు చిక్కు యూజర్ ప్రోగ్రాములతో. కెర్నల్ చూపే ఫ్లాగుల జాబితాలో ఏవీఎక్స్ లేకపోయినా, ఫీచర్లు చెప్పే సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌తో నేరుగా అడిగితే ప్రాసెసర్ ఉందనే చెబుతుంది. కానీ కెర్నల్ ఎక్స్‌సీఆర్0 అనే కంట్రోల్ రిజిస్టర్లో, ఏవీఎక్స్ వాడే వైఎంఎం రిజిస్టర్ల బిట్ వేయదు. ఆ రిజిస్టర్ని చదివే ఎక్స్‌గెట్‌బీవీ ఇన్‌స్ట్రక్షన్‌తో అది చూసుకోని ప్రోగ్రాం 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అంటూ చస్తుంది (తప్పు ప్రోగ్రాందే). ఎన్‌క్రిప్షన్‌కి వాడే ఏఈఎస్ ఫీచర్‌కి అలాంటి బిట్ లేదు కాబట్టి, తీసేసినా యూజర్ కోడ్ దాన్ని హాయిగా వాడుకుంటుంది.

డ్రైవర్లో ఇలా తీసేద్దామనుకుంటే కుదరదు. ప్రాసెసర్ ఫీచర్లనుబట్టి కెర్నల్ బూట్‌లో తన కోడ్‌ను మార్చుకునే 'ఆల్టర్నేటివ్స్ ప్యాచింగ్'కి ముందే అది జరగాలి.