వాగుకు దూరంగా ఉన్న బావి

చి. రమ్యకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి మిడ్జిల్ దగ్గర దుందుభి వాగులో ఇసుక తవ్వకాల వల్ల బావులకు ఏమవుతున్నదో కొలవబోతున్నారని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ మాట తీరు చూస్తే నిన్ను ఆపమని చెప్పడానికే ఫోను చేసినట్టుంది. ఉద్యోగమంతా బావుల్లోకి టేపు వదులుతూ గడిపినవాణ్ణి, మేనకోడలు అదే పనికి దిగుతానంటే ఏ ముఖంతో వద్దంటాను? గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

మామూలు సంగతులు నీకు చెప్పనక్కరలేదు. పెన్సిలుతో రాయి, తేదీతో పాటు సమయం కూడా వెయ్యి, ప్రతి బావి గోడ మీద కొలత మొదలుపెట్టే చోట రంగుతో గీత గీసి అది నేలకు ఎంత ఎత్తున ఉందో రాసుకో. గోడ కూలితే మళ్లీ కట్టిస్తారు, అప్పుడు ఆ ఎత్తే నిన్ను కాపాడుతుంది.

ఇక అసలు మాట. చాలా ఏళ్ల కిందట వేరే వాగు ఒడ్డున రైతులు కొందరు పట్టుదలగా రెండేళ్లు నీటిమట్టాలు రాశారు. ఏ ఒక్క నెలా తప్పలేదు. అంకెలు పొందికగా ఉన్నాయి, ప్రతి బావీ దిగజారింది. ఆ పుస్తకం పట్టుకుని అధికారుల ముందుకు వచ్చారు. బల్లకు ఇవతల కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్లు కొలిచినవన్నీ వాగు పక్క బావులే. ఆ రెండేళ్లూ వానలు సరిగా పడలేదు, బావులు దిగింది ఇసుక పోయినందుకో వాన లేనందుకో తేలాలి. "వాగుకు రెండు మూడు కిలోమీటర్ల అవతల బావులు కూడా ఇలాగే దిగాయా?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఒక్క బావిలోనూ వాళ్లు టేపు వదలలేదు. కాగితాలు అక్కడితో ఆగిపోయాయి, లారీలు ఆగలేదు. వాళ్లలో ఒక పెద్దాయన బయటికి వెళ్తూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అయినా ఈరోజు అదే కుర్చీలో కూర్చోబెట్టినా ఆ ప్రశ్నే అడుగుతాను. నేను అడగకపోతే అవతలి వకీలు అడుగుతాడు, ఇంకాస్త వెటకారంగా.

అందుకని, వాగు పక్క బావులు ఎన్ని తీసుకుంటే దూరపు బావులు అన్ని తీసుకో. ఎగువన తవ్వకం జరగని చోట కూడా కొన్ని ఎంచుకో. ఊళ్లో వానమాపకం పెట్టించు. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ నీళ్లు చేరే పొలాల బావులను విడిగా గుర్తుపెట్టుకో. కాలువ పారినప్పుడు అవి వాటంతట అవే పైకొస్తాయి, ఇసుక పోయిన నష్టం ఆ అంకెల్లో కనబడకుండా పోతుంది. మరీ ముఖ్యంగా మోటార్లు. మా రోజుల్లో కరెంటు వంతులవారీగా వచ్చేది కాబట్టి లేని గంట చూసుకుని కొలిచేవాళ్లం. 2018 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నారు, ఏ మోటారు ఎప్పుడు ఆడుతుందో తెలియదు. ముందు రోజు రాత్రే రైతును బతిమాలి మోటారు ఆపించు, తెల్లవారుజామున కొలత తీసుకో. పక్క పొలం మోటారు సంగతి కూడా రాసుకో. నెల నెలా కొలిచినా జనవరి, మే, ఆగస్టు, నవంబరు మాత్రం వదలకు. కేంద్ర భూగర్భ జల మండలి కొలిచేది ఆ నాలుగు నెలల్లోనే, వాళ్ల అంకెలతో పోల్చి చూసుకోవచ్చు.

ఇసుక పోతే ఏమవుతుందని ఊరివాళ్లు అడిగితే ఒక్క లెక్క చెప్పు. భూగర్భ జలాల అంచనాకు వాడే ప్రమాణాల్లో ఘనపు మీటరు ఇసుక మేట దాదాపు 160 లీటర్ల నీళ్లు వదులుతుంది, మన కిందున్న అరిగిన గ్రానైటు 30 లీటర్లే. చిన్నప్పుడు మీ అమ్మ చేత్తో చెలమ తోడి బిందె నింపింది ఆ ఇసుకలోంచే. ఎండాకాలంలో అమ్మమ్మకు పప్పు ఉడకాలంటే చెలమ నీళ్లే కావాలి, బావి నీళ్లు పనికిరావనేది. సరే, అది వేరే కథ.

వాగు అడుగు ఎంత కిందికి దిగిందో కొలవడానికి రెండు ఒడ్ల మీదా రాళ్లు పాతి, వాటి మధ్య అడ్డంగా తాడు కట్టి, మీటరుకొకసారి లోతు చూడు. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం చాలు, ఖరీదైన పరికరం అక్కరలేదు. రాళ్లు మాత్రం ఒడ్డు అంచున పాతకు. తవ్విన గుంత ఎగువకు పాకుతుంది, ఒడ్డు కింద కోసుకుపోయి రాయితో సహా కూలుతుంది. వెనక్కి, గట్టి నేలలో పాతండి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి. ఎగువన చెక్ డ్యాం ఉంటే అదీ రాసుకో. దాని వెనక ఇసుక ఆగిపోయినా అడుగు దిగుతుంది, ఆ పాపం కూడా లారీల మీద వెయ్యకు. వంతెనకో ఆనకట్టకో 500 మీటర్ల లోపు తవ్వకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనలు చెబుతాయి, దూరం కొలిచి పటం మీద పెట్టు.

ఇప్పుడు తిట్టు. రాత్రిపూట ట్రాక్టర్లను ఫోటో తియ్యడానికి వెళ్తానన్నావట. నీకు మతి పోయిందా? నీ పని నీళ్లు కొలవడం, మనుషులను పట్టుకోవడం కాదు. కొలతలకు వెళ్లినప్పుడు కూడా ఒంటరిగా వెళ్లకు, ఊళ్లో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లు. నాకు ట్రాక్టర్ల కన్నా గుంతల భయం ఎక్కువ. తొలకరి పడగానే అవి నిండుతాయి, పైన నీళ్లు మోకాలి లోతే అన్నట్టుంటాయి. ఈత వచ్చిన పిల్లలు కూడా అందులో మునిగిపోయారు తల్లీ, ఒకరిని బయటికి తీసినప్పుడు నేను ఒడ్డునే ఉన్నాను. జూన్ నుంచి వాగులో ఎక్కడ అడుగు పెట్టినా ముందు కర్రతో తడిమి చూడు. నీ స్నేహితులకు కూడా చెప్పు. అబ్బాయిలకు రెండుసార్లు చెప్పు.

నా పాత టేపు అటక మీద ఉంది కానీ తీసుకోకు, మొదటి మీటరు దగ్గర తెగితే అతికించాం, అంకెలు తప్పుతాయి. కొత్తది కొనుక్కో, డబ్బు నేను పంపిస్తాను. మే నెల కొలతలు అయిపోకముందే దూరపు బావులు ఎంచుకోవాలి. జాబితా నాకు పంపితే ఏది పనికిరాదో చెబుతాను. అక్కయ్యకు మాత్రం రాత్రి ప్రయాణాలు ఉండవని నువ్వే చెప్పు, నా మాట నమ్మదు.

మీ మామయ్య