ఎండాకాలం బాస్ చేప, నా 312 డాలర్లు

తమ్మీ, నీ ప్రశ్న చదివాను. నల్గొండ నుంచి డాలస్‌కు ఎంఎస్ చేయడానికి వచ్చావు. జూలైలో రూమ్మేట్లతో కలిసి లేక్ లూయిస్‌విల్ చెరువు ఒడ్డున రెండు శనివారాలు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా కూర్చున్నావు. ఒక్క బాస్ పడలేదు. ఇప్పుడు 200 డాలర్లు పెట్టి మంచి గాలం రాడ్డు, దారం చుట్టే రీలు కొంటే పడతాయా అని అడుగుతున్నావు. పడవు. ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని ముందు నా కథ విను.

మాది హాలియా దగ్గర. ఎండాకాలంలో సాగర్ ఎడమ కాలువ బంద్ చేసినంక గుంతల్లో మిగిలిన నీళ్లల్లో చేపలు పట్టిన చేతులు ఇవి. వెదురు కర్ర, నైలాన్ దారం, జొన్నచొప్ప బెండు, గాలానికి ఒక ఎర్ర. ఖర్చు రెండు రూపాయలు కూడా లేదు. అట్లాంటి నేను 2006 జనవరిలో ఇక్కడికి వచ్చాను. జూన్ రాగానే అమ్మ ఫోన్ చేసి, "మిరుగం (మృగశిర కార్తె) వస్తుంది, చేపలు తిన్నావా బిడ్డా" అంది. కొనుక్కుంటే అయిపోయేది. చెరువు పక్కన పెరిగినోణ్ణి, చేపలు కొనడమేంది అనుకుని గాలం సామాను అమ్మే ఒక పెద్ద దుకాణంలోకి పోయాను. బయటికి వచ్చేసరికి 312 డాలర్లు పోయాయి. అప్పుడు డాలరు 46 రూపాయల దాకా ఉండేది. గుణించుకో. 14 వేలు దాటింది. రాత్రి నిద్ర పట్టలేదు.

అందులో సగం డబ్బు ఒక బెయిట్‌కాస్టర్ రీలుకే పోయింది. టీవీలో పోటీలకు పోయేవాళ్ల చేతుల్లో చూసి అదే కావాలన్నాను. అమ్మినవాడు వద్దనలేదు, ఎందుకంటాడు? ఎర విసిరేటప్పుడు ఆ రీలులో దారం చుట్టి ఉన్న డ్రమ్మును బొటనవేలితో అదుపు చేయాలి. అది చేతకాకపోతే ఎర గాలిలో ఆగుతుంది, డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, దారం అంతా పిచ్చుక గూడవుతుంది. ఎదురుగాలి ఉంటే చెప్పనక్కర్లేదు. మొదటి రోజు నేను చేపలు పట్టింది గంట, చిక్కులు విప్పింది మూడు గంటలు.

మిగిలిన సగం ఎరగా వాడే రంగురంగుల ప్లాస్టిక్ చేపలకు పోయింది. ఒక్కొక్కదానికి రెండేసి మూడు ముళ్ల గాలాలు. టెక్సస్‌లో చెరువులన్నీ దాదాపు మన సాగర్ లాగా ఆనకట్ట కట్టి నింపినవే. అడుగున మునిగిన చెట్లుంటాయి. ఆ ముళ్లు దొరికిన కొమ్మనల్లా పట్టుకుంటాయి. మొదటి పూటే అయిదు పోగొట్టాను. ఒక్కోటి 7 డాలర్లు. అంటే 1,600 రూపాయలు నీళ్లపాలు. మా బత్తాయి తోటలో ఒక మనిషికి ఇరవై రోజుల కూలి అది అప్పట్లో. ఈ లెక్కలు వేస్తుంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ.

కానీ నా అసలు తప్పు రీలు కాదు, కొర్రమట్ట. బాస్ కూడా దాని లాంటిదే అనుకున్నాను. పెద్ద నోరు, తుంగలో నక్కి ఉండి కప్ప కనబడితే మింగడం, రెండింటికీ అదే అలవాటు. కొర్రమట్టకు నీళ్లు తగ్గినా, బురద మిగిలినా ఫికర్ లేదు. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే నడిమధ్యాహ్నం కూడా మనకు దొరికేది. బాస్‌కు ఆ సౌకర్యం లేదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీదనే దాని బతుకు. నీళ్లు ఎంత వేడెక్కితే ఆక్సిజన్ అంత తక్కువ పడుతుంది. పైగా వేడిలో చేపకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. జూలై, ఆగస్టులో ఇక్కడి చెరువుల పైనీళ్లు 30 డిగ్రీలు దాటతాయి. పైన వేడి పొర, కింద చల్లటి పొర విడిపోతాయి. అడుగున మరీ లోతుకు పోతే అక్కడ కూడా ఆక్సిజన్ ఉండదు. మధ్యాహ్నం పూట పెద్ద చేపలు చాలావరకు ఆ రెండింటి నడుమ, ఒడ్డుకు దూరంగా నిలబడతాయి. పడవ ఉన్నవాడు అక్కడికి పోతాడు. నువ్వు ఒడ్డు మీద కూర్చుని 200 డాలర్ల రాడ్డుతో విసిరినా అది అక్కడికి చేరదు.

నల్గొండలో 44 డిగ్రీలు చూసినోళ్లం, ఇక్కడి 38 ఏం లెక్క అని నేనూ అనుకున్నా. ఎండ మనకు లెక్క కాకపోవచ్చు, చేపకు లెక్కే.

మరి ఎప్పుడు పోవాలి? తెల్లవారకముందే పో. వెలుతురు రావడానికి అరగంట ముందు నీళ్ల దగ్గరుండు. పొద్దు ఎక్కిన గంటన్నరలో సర్దేసుకో. లేదా పొద్దుగూకిన తర్వాత. ఆ వేళల్లో చిన్న షాడ్ చేపలు ఒడ్డుకు వస్తాయి, వాటి వెనక బాస్ వస్తుంది. పగలే పోవాల్సి వస్తే నీడ వెతుకు: వంతెన స్తంభాలు, నీళ్ల మీదికి వంగిన చెట్లు, దట్టమైన నాచు అంచులు. కట్ట రివిట్‌మెంట్ రాళ్ల దగ్గర కూడా చూడు, అక్కడ ఒడ్డుకు దగ్గరలోనే లోతు ఉంటుంది. కొన్ని కట్టల మీదికి మనల్ని పోనివ్వరు, బోర్డు చూసుకో. ఇంకో సంగతి నాకు మూడేళ్లు తెలియలేదు. ఎండాకాలం ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. అది తోసుకొచ్చే నాచు, పురుగులు, వాటి వెంట చిన్న చేపలు ఉత్తరపు ఒడ్డుకు చేరతాయి. గాలి మొహాన కొడుతుందని నేను ఎప్పుడూ దక్షిణపు ఒడ్డున హాయిగా కూర్చునేవాణ్ణి. హాయిగానే ఉండేది, సంచి మాత్రం ఖాళీ.

నీళ్ల నడిమికి బలంగా విసరడం కూడా మానెయ్. ఒడ్డు వెంబడే, గట్టుకు సమాంతరంగా విసురు. పొద్దున పూట చేప నీ కాళ్లకు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. ధన్ ధన్ మని నడిస్తే పారిపోతుంది.

ఇక సామాను. వాల్‌మార్ట్‌లో రాడ్డు, రీలు కలిపి అమ్మే స్పిన్నింగ్ సెట్టు తీసుకో, దానికి ఆ బొటనవేలి తిప్పలు లేవు. ఆరున్నర, ఏడడుగుల రాడ్డు, మీడియం పవర్, అంటే మధ్యరకం గట్టిది. 40 డాలర్లు దాటించకు. లైన్, అంటే దారం, 10 పౌండ్ల మోనో (మామూలు నైలాన్) చాలు. ఫ్లోరోకార్బన్ దారం బాగుంటుందని అందరూ చెప్తారు, నిజమే, కానీ అది నీళ్లలో తొందరగా మునుగుతుంది. పొద్దున పూట నీళ్ల మీద తేలే పాపర్ అనే ఎరను ఆడించాలంటే అంత తొందరగా మునగని మోనోనే నయం, అగ్గువ కూడా. మరీ సన్న లైన్ వేసి గొప్పలకు పోకు. వేడి నీళ్లలో చేపను ఎక్కువసేపు ఆడించి లాగితే అలసిపోయి, వదిలినా బతకకపోవచ్చు. లూయిస్‌విల్‌లో రాళ్లకు జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి. అవి లైన్‌ను కత్తిలా కోస్తాయి. పాదాలను కూడా, చెప్పులు విప్పకు.

ఎరలకు ఒక ప్యాకెట్ ప్లాస్టిక్ వానపాములు, ఒక ప్యాకెట్ వంకీ గాలాలు, నాలుగు తూటా ఆకారపు సీసం బిళ్లలు కొనుక్కో. బిళ్లను లైన్‌లోకి ఎక్కించి, గాలం కట్టి, దాని మొనను వానపాము ఒంట్లోకే తిరిగి గుచ్చాలి. దీన్ని టెక్సస్ రిగ్ అంటారు. మొన బయట ఉండదు కాబట్టి కొమ్మల్లో, నాచులో తగులుకోదు. అడుగున మెల్లగా, చాలా మెల్లగా జరుపు. టక్ మని తగిలితే వదులు లైన్ చుట్టి ఒక్క గుంజు గుంజు. ఆ 312 డాలర్ల తర్వాత నాకు పడిన మొదటి బాస్ ఇట్లా అగ్గువ ప్యాకెట్ వానపాముకే పడింది. రెండున్నర పౌండ్లు. బకెట్లో ఎండకు పెట్టి ఫ్రెండ్స్ వచ్చి చూడాలని ఉంచాను. పది నిమిషాల్లో వెల్లకిలా పడింది. పక్కన ఉన్న ఒక తాత తల ఊపి, ఏమీ అనకుండా పోయాడు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. వదిలేయాలనుకుంటే చేతులు తడుపుకుని పట్టుకుని, నీళ్లకు దగ్గరగానే వదిలెయ్.

లైసెన్సు లేకుండా మాత్రం పోకు. ఇక్కడ ఆరు నెలలుగా ఉంటున్నవాళ్లకు మంచినీటి లైసెన్సు 30 డాలర్లు, లేకపోతే ఎక్కువ. స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి పడితే లైసెన్సే అక్కర్లేదు. చాలా చెరువుల్లో 14 అంగుళాల లోపు బాస్‌ను ఉంచుకోకూడదు. రోజుకు అయిదే. లేక్ ఫోర్క్ లాంటి చెరువులకు వేరే కొలతలున్నాయి. అన్నీ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ల సైట్‌లో ఉంటాయి, చూసుకో. ఫైన్ కట్టడమంటే నీ నెల కిరాణా పోయినట్టే.

కొరివి చీమల పుట్ట మీద కూర్చోకు. ఉరుము వినబడితే రాడ్డు కింద పెట్టి కారెక్కు, చాలా రాడ్లలో కరెంటు పారే కార్బన్ ఉంటుంది.

పులుసు సంగతి కూడా అడిగావు. బాస్ ముక్క పులుసులో విడిపోతుంది, చింతపండు దండగ. వేపుడు చేసుకో. పులుసుకు క్యాట్‌ఫిష్ పట్టు. దానికి కోడి కార్జాలు చాలు, ఇంకా అగ్గువ.

నా బెయిట్‌కాస్టర్ గ్యారేజీలో మేకుకు వేలాడుతూనే ఉంది, 2006 నాటి చిక్కు కూడా అట్లనే ఉంది. పారేయడానికి మనసొప్పలేదు, 14 వేలలో సగం అది. కావాలంటే తీసుకో. షిప్పింగ్ మాత్రం నువ్వే పెట్టుకోవాలి.